ఫాతియా పడని మలీద

మా బాపు ఈ భూమ్మీద అందరికన్నా ఎక్కువగా నమ్మింది రోజుకు పది నిమిషాలు మాత్రమే కనబడే ఒక మనిషిని. మా అమ్మ రోజంతా కనబడేది, అందుకే ఆమెది రెండో స్థానం.

ఆ మనిషి బాపుకు జోడీదార్. కరెంటు మగ్గాలను మేం సాంచాలంటాం. సాంచా ఆగితే సేటుకు ప్రాణం ఆగినట్టుంటుంది కాబట్టి పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఏడింటి దాకా ఒక కారీగర్, మళ్లీ తెల్లారేదాకా ఇంకో కారీగర్ వాటి ముందు నిలబడాలి. అవే సాంచాలు, ఇద్దరు మనుషులు. దీన్నే పాలి అంటారు. ఒకరిది పగటి పాలి, ఒకరిది రాత్రి పాలి, కొన్నాళ్లకు అటూ ఇటూ మారుతుంది. పాలి మారే ఆ పది నిమిషాల్లోనే జోడీదార్లు కలుస్తారు. గోడకు ఒకటే మొల, ఒకరు అంగీ తీసుకుంటే ఇంకొకరు తగిలిస్తారు. ఏ సాంచా మీద పోగులు తెగుతున్నాయో, ఏ బీముకు చుట్టిన నూలు అయిపోవస్తుందో చెప్పి పోతారు. ఇంత సఖ్యత నేను మొగుడూ పెళ్లాల్లో చూడలేదు. పది నిమిషాలే కలుస్తారు కాబట్టి కుదిరిందేమో.

బాపుది కరీంనగర్ దిక్కు. జోడీదార్‌ది ఉత్తరప్రదేశ్, ముసల్మాను. నేను చాచా అనేవాణ్ణి. బాపు హిందీలో క్రియలుండవు, చాచాకు తెలుగు రాదు. పైగా సాంచాల చప్పుడులో దేవుడు దిగివచ్చి మాట్లాడినా వినబడదు. ఇద్దరూ చేతులతో, పెదవులతోనే మాట్లాడుకునేవారు. ఇన్నేళ్లలో ఒకరి మతం గురించి ఒకరు వాదించుకోకపోవడానికి అది కూడా ఒక కారణమై ఉంటుంది.

ఇప్పుడు మలీద సంగతి చెప్పాలి.

మా ఊళ్లో పీర్ల పండుగ ముసల్మాన్లదని ఎవరూ అనుకోరు. మా చిన్నతాత నొసటికి విభూతి పెట్టుకొని మరీ పీరును ఎత్తుకునేవాడు. నేను పుట్టినప్పుడు నా బరువు చూసి మంత్రసాని కూడా పెద్దగా ఆశ చూపలేదట. అమ్మ పీరుకు దట్టి గుడ్డ కట్టి, పిల్లగాడు దక్కితే వాని పెండ్లి అయ్యేదాకా ఏటేటా మలీద చేస్తనని మొక్కింది. నేను దక్కాను. ఇక పెళ్లి సంగతి, సంబంధాలు చూసే తీరు చూస్తుంటే ఈ మొక్కు ఇంకా చాన్నాళ్లు నడిచేలా ఉంది.

మలీద అంటే గోధుమ రొట్టెలను వేడి మీదే నలిపి, బెల్లం, నెయ్యి, ఎండుకొబ్బరి కలిపి ముద్దలు చేయడం. అంతవరకు ఎవరైనా చేయొచ్చు. కానీ ముసల్మాను ఒకాయన గిన్నె ముందర కూర్చొని ఫాతియా చదివి, చివర్న దాని మీద మెల్లగా ఊదితేనే అది మలీద. ఊదకపోతే బెల్లం రొట్టె. ఊళ్లో ఈ పనికి ముల్లా ఉండేవాడు. సూరత్‌లో, మేముండే గోడాదరాలో, మా అమ్మకు ముల్లా ఎక్కడ దొరకాలి? బాపు తనకు తెలిసిన ఒకే ఒక్క ముసల్మాన్‌ను అడిగాడు.

చాచాకు మొదట అర్థం కాలేదట. ఆయన చదువుకున్న పద్ధతిలో పీర్లు, దట్టీలు, ఎత్తుకోవడాలు లేవు. రెండోసారి అడిగితే, చదివేది అల్లా మాటే గదా, తినేది నీ పిల్లలే గదా, తే అన్నాడట. అప్పటినుంచి పండుగ పొద్దున ఏడింటికి, పాలి మారేటప్పుడు, కార్ఖానా గేటు పక్కన నూలు పెట్టెల మీద స్టీలు గిన్నె పెడితే, చాచా రుమాలు తలకు చుట్టుకొని అర నిమిషం పెదవులు కదిలించి ఊదేవాడు. రాత్రి పాలి దిగిన ఏడాది అయితే ఆ ఊదుడులో సగం ఆవులింత కూడా ఉండేది. అమ్మకు ఆ సంగతి మేం చెప్పలేదు. గిన్నెను బైకు మీద తీసుకుపోయి తీసుకొచ్చే పని నాది. మా గల్లీలో ఉన్న తెలుగు ఇళ్లన్నిటికీ తలా ఒక ముద్ద పోయేది. మా పక్క గుమ్మంలో నా చిన్నప్పటి దోస్తు ఉంటాడు. వాళ్లమ్మకు మలీద అంటే ప్రాణం, వాళ్లింటికి రెండు.

పోయినేడు కూడా అట్లనే ఇచ్చి వచ్చాం. కాకపోతే కార్ఖానాలో కొత్తగా చేరిన ఒకడు ఫోన్‌లో వీడియో తీశాడు.

నా ఉద్యోగం గురించి ఒక మాట. చీరల మార్కెట్‌లో ఒక దుకాణానికి, ఆన్‌లైన్‌లో పెట్టే బొమ్మల కింద రెండు ముక్కలు రాస్తాను. పాలిస్టర్ చీర కింద పట్టును మించిన మెత్తదనం అని రాసేది నేనే. కాబట్టి పైన బొమ్మ ఒకటి, కింద రాత ఇంకొకటి అయితే జనం ఏది నమ్ముతారో నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ వీడియోలో ఉన్నది ఇంతే: గడ్డం ఉన్న మనిషి, స్టీలు గిన్నె, కదిలే పెదవులు, చివరన ఆ ఊదుడు. కింద రాత మాత్రం, హిందువుల ఇళ్లకు పంచే తిండిలో ఉమ్ముతున్నారు, జాగ్రత్త అని. పక్కనే నిలబడ్డ మా బాపును కత్తిరించారు. మోచెయ్యి మిగిలింది. ఆయన జీవితంలో వీడియోలో పడడం అదే మొదటిసారి.

మూడో రోజు సాయంత్రం చాచా రాత్రి పాలికి వస్తుంటే గేటు దగ్గర పదిమంది దాకా పోరగాళ్లు నిలబడి ఉన్నారు. పెద్దగా ఏమీ కాలేదు అని అందరూ అన్నారు. ఒక చెంపదెబ్బ, ఒక చినిగిన అంగీ, దూరంగా పోయి పడ్డ ఒక టిఫిన్ డబ్బా. వార్తల్లోకి ఎక్కడానికి సరిపోదు. బాపు చేతిలో నూలు పోగులతోనే బయటకు ఉరికాడు. తనకున్న క్రియలు లేని హిందీలో, గిన్నె మేరా, బీవీ మేరీ, పీరు మేరా అని చెప్పాడట. వాళ్లకు నవ్వొచ్చింది. నువ్వు హిందువువేనా అని ఒకడు అడిగాడు. బాపు ఆ గాభరాలో, పగటి పాలి అన్నాడట.

ఈ ముక్క నేను చాలామందికి చెప్పి నవ్వించాను. బాపు ముందర మాత్రం చెప్పలేదు.

ఆ పదిమందిలో నా దోస్తు కూడా ఉన్నాడు. మరుసటి రోజు చాయ్ బండి దగ్గర పట్టుకున్నాను. వాడు తప్పించుకోలేదు, నాకు కూడా అరకప్పు కటింగ్ చాయ్ చెప్పాడు.

"నేను కొట్టలేదు యార్," అన్నాడు. "వీడియో పంపిన, అంతే. అందరూ పోతుంటే పోయిన."

"నువ్వు చిన్నప్పటి సంది తింటున్నవ్ గదరా అది. రెండు ముద్దలు."

"అప్పుడు నాకు తెల్వదు."

"ఏం తెల్వదు?"

"అది మన ధరమ్ కాదని."

"మీ అమ్మకు తెల్సా?"

వాడు చాయ్ ఊదుకున్నాడు. ఆ ఊదుడును ఎవరన్నా వీడియో తీస్తున్నారేమో చూడు అన్నాను. నవ్వాడు. మేం చిన్నప్పుడు నవ్వుకున్నట్టే నవ్వాడు. నన్ను ఎక్కువ భయపెట్టింది అదే. వాడేమీ మారలేదు. వాడు దెయ్యం పట్టినవాడిలా ఉంటే నాకు సులువుగా ఉండేది. నా బైకు చెడిపోతే ఇప్పటికీ వాడే తోసుకుంటూ వస్తాడు.

చాచా వైపు కూడా ఆ వీడియో చేరింది. అక్కడ రాత వేరు. పీరు పేరు మీద వండినదానికి ఫాతియా ఇస్తున్నాడు, ఈయనేం ముసల్మాను అని. వాళ్ల బస్తీలో కొందరు పెద్దమనుషులు ఇంటికి వచ్చి మంచిమాటల్లోనే చెప్పారట, ఇది మన దీన్ కాదు, మన మతం ఒప్పుకోదు అని. చాచా కొడుకు తల దించుకొని నిలబడ్డాడట. ఎన్నేళ్లుగానో ఒక మాట మీదికి రాని రెండు వైపులూ మా అమ్మ గిన్నె దగ్గర కలిశాయి. అది తప్పని ఇద్దరూ ఒప్పుకున్నారు. దేశంలో మతసామరస్యం ఎక్కడుందని అడిగేవాళ్లకు నేను ఆ గిన్నె చూపిస్తాను.

వారం తిరక్కముందే చాచా కార్ఖానా మానేశాడు. కొడుకు ఆయన్ను సూరత్ శివారు సచిన్‌లో ఏదో యూనిట్‌లో పెట్టించాడు. ఆఖరి రాత్రి పాలికి రానేలేదు, బాపుకు చెప్పి పోవడం కుదరలేదు. ఒక పొద్దున బాపు పోయేసరికి మొలకు వేరే అంగీ ఉంది.

ఇక దీనికి ఎవరిని అనాలి అన్న లెక్క. మా దుకాణంలో చీరలకు ఫోటోలు తీసే అతను మతాన్నే పీకిపారెయ్యాలంటాడు. మతం లేకపోతే ఆ పదిమంది ఇంట్లో పడి నిద్రపోయేవాళ్లు అంటాడు. వాళ్లను నేనెరుగుదును. మతం లేకపోతే క్రికెట్ మీద కొట్టుకునేవాళ్లు. అయితే క్రికెట్ మీద కొట్టుకుంటే రెండోనాడు మళ్లీ కలిసి ఆడతారు, అదొక తేడా ఉంది. బాపు లెక్క ఇంకోటి. మతం ఏం చేసింది రా, మనుషులు ఖరాబైన్రు అంటాడు. వినడానికి బాగుంటుంది. గుళ్లోనూ మసీదులోనూ ఇదే అంటారు. కానీ ఇది అచ్చం మా బాపు సేటు లెక్క. బట్ట తాను బాగా దిగితే మిషన్ మంచిది, డ్యామేజీ వస్తే కారీగర్ తప్పు. చాచా ఏళ్ల తరబడి నిద్రమత్తులో కూడా ఊదాడంటే అది మతం గొప్పతనం, చాచాను కొట్టారంటే అది మనుషుల చెడ్డతనం. ఫోటోల అతనిది అదే లెక్క తిరగేసి. మంచి అయితే మనిషి చేశాడు, చెడు అయితే మతం చేసింది.

బాపుతో ఈ మాటే అన్నాను ఒక ఆదివారం. ఆయన, సాంచాల అటూ ఇటూ ఉరికే నాడె ఎగిరొచ్చి కంట్ల కొడితే సాంచాను కోర్టుకు గుంజుతరా అని అడిగాడు. నాడె అడ్డం పోకుండా జాలి పెట్టాల్సిందెవరు మరి, అన్నాను. సేటు, అన్నాడు. సేటు ఎందుకు పెట్టలేదు? బాపు రిమోట్ వెతికాడు. ఇద్దరం టీవీ పెట్టుకున్నాం. టీవీలో ఎనిమిదిమంది ఇదే మాట్లాడుతున్నారు, జవాబులతో సహా. బాపు దాన్ని బంద్ చేశాడు.

ఇట్లాంటివన్నీ మాట్లాడుకునే తీరిక మా ఇద్దరికే. అమ్మకు ఇవేవీ పట్టలేదు. ఆమె లెక్కలో ఒకటే ఉంది. మళ్లీ పండుగ వస్తుంది, మలీదకు ఫాతియా పడాలి, పడకపోతే మొక్కు తప్పుతుంది, తప్పితే నాకేదో అవుతుంది. నాకు ఇరవయ్యేళ్లు దాటి చాలా అయింది, ఇప్పుడు బరువు కూడా బాగానే ఉన్నాను, పీరుకు చూపించడానికి అభ్యంతరం లేదు అన్నాను. ఆమె నవ్వలేదు. గల్లీ చివర మొబైల్ రిపేరు చేసే ముసల్మాను పిల్లవాణ్ణి అడిగింది. అతను వీడియో చూసినవాడే. చేతులు జోడించి, ఆంటీ, దుకాణం పెట్టుకుని బతుకుతున్నా అన్నాడు. అమ్మకు కోపం కూడా రాలేదు. తిరిగివచ్చి, సచిన్‌కు ఎంతసేపు పడుతది అని నన్ను అడిగింది.

ఈ ఏడు పండుగ నాడు వాన. తెల్లవారకముందే రొట్టెలు చేసి, గిన్నెకు బట్ట కట్టి, దాని మీద ప్లాస్టిక్ సంచి కట్టి, నా వెనక కూర్చుంది. బాపు రానన్నాడు. పాలి ఉందన్నాడు. పాలి మార్చుకోవచ్చు. కానీ ఆయన మొహం చూస్తే అడగబుద్ధి కాలేదు. ఉధనా దాటేసరికి ఇద్దరం తడిసిపోయాం. గిన్నె తడవలేదు. సచిన్‌లో రోడ్డేదో గుంతేదో తెలియని నీళ్లు. ఏడింటికి గేటు తెరిచారు. రాత్రి పాలి జనం గొడుగుల కింద, సంచుల కింద తలలు దాచుకుంటూ బయటికి వస్తున్నారు. చాచాను అమ్మే ముందు గుర్తుపట్టింది, అంతకుముందు ఆయన్ను చూసింది ఒక్కసారి, బాపుకు చెయ్యి నలిగితే ఇంటికి తీసుకొచ్చినప్పుడు.

చాచా మమ్మల్ని చూసి సంతోషించాడు. గిన్నెను చూసి అటూ ఇటూ చూశాడు. ఆ రెండూ ఒక్క క్షణంలోనే జరిగాయి. గడ్డం బాగా కురచ చేయించాడు. మమ్మల్ని గేటుకు దూరంగా, మూసి ఉన్న పాన్ డబ్బా చూరు కిందికి తీసుకుపోయి, భాయ్ ఎట్లున్నాడు అని అడిగాడు. కొత్త జోడీదార్ నూలు తెగినా చూసుకోడు, ఫోన్ చూసుకుంటాడు అని చెప్పాను. చాచాకు ఆ మాట బాగా నచ్చినట్టుంది, రెండుసార్లు చెప్పించుకున్నాడు.

అమ్మ సంచి విప్పింది. చాచా ఆమె చెయ్యి మీద కాదుగానీ, గిన్నెకు కట్టిన బట్ట మీద తన చెయ్యి పెట్టాడు.

"వద్దు భాభీ. నా కొడుకుకు మాటిచ్చిన."

అమ్మ నావైపు చూసింది, నేను సరిగ్గా తెలుగు చేశానా అని. మళ్లీ చెప్పాను. ఆమె తన సూరత్ హిందీలో, అర నిమిషమే గదా భాయ్‌సాబ్, ఎవరూ చూస్తలేరు అంది. ఇంత వానలో ఫోన్ ఎవరు తీస్తారు అని నేను కూడా అన్నాను. చాచా తల అడ్డంగా ఊపాడు. ఇంటికి పోయి, స్నానం చేసి, మీ పిల్లవాడి పేరు మీద చదువుతాను, ఎక్కడ చదివినా అల్లాకు వినబడుతుంది అన్నాడు.

"గిన్నె ముందల లేకుంటే ఎట్ల పడతది?" అంది అమ్మ. ఈసారి తెలుగులోనే అంది. నేను హిందీ చేయలేదు. ఆయనకు అర్థమైనట్టే ఉంది. కళ్లు దించుకున్నాడు.

పోయేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టి, పెదవులు కొంచెం కదిలించాడు. ఊదలేదు. అది ఫాతియానో, వానకు వణుకో నాకు తెలియదు. అమ్మకు అదే చెప్పాను, నా మీద చదివాడమ్మా, గిన్నె కన్నా నేనే దగ్గర అని. ఆమె సంచి మళ్లీ కడుతోంది. నీ మీద కాదు, దాని మీద సదవాలె అంది.

ఇంటికొచ్చేసరికి దోస్తు వాళ్లమ్మ మా గుమ్మంలో గిన్నె పట్టుకొని కూర్చుని ఉంది. వీడియో సంగతి ఆమెకు తెలుసో తెలియదో నేను ఇప్పటికీ చెప్పలేను. కొన్ని విషయాలు తల్లులకు తెలిసినా తెలియనట్టే ఉంటాయి.

"వదినె, ఇంత ఆలస్యమైందేంది? వాడు పొద్దున లేసినప్పటి సంది మలీద రాలేదా అంటున్నడు."

వాడు అడుగుతున్నాడట. నేను అమ్మ మొహం చూశాను. ఆమె ఒక్క మాట అంటుందని ఎదురుచూశాను. నిజం చెప్పాలంటే ఆశపడ్డాను. నీ కొడుకును అడుగు అంటే చాలు. అమ్మ కొంగుతో తల తుడుచుకుంటూ, ఈసారి ఫాతియా పడలేదు వదినె, ఉత్త బెల్లం రొట్టె, తీస్కపోతవా అంది.

దోస్తు వాళ్లమ్మ తన గిన్నెను దగ్గరికి తీసుకుంది. పడలేదా, అంది. ఎందుకు పడలేదని అడగలేదు. పడంది ఎందుకులే వదినె, పిలగానికి మంచిది కాదు, అని ఖాళీ గిన్నెతోనే లోపలికి పోయింది.

చాచాను కొట్టడానికి పోయిన కొడుక్కి, చాచా ఊదని మలీద పెడితే మంచిది కాదట. దీనికి నేనేం జోకు వేయాలి? నాకన్నా ముందే ఎవరో వేసేశారు.

ఆ పూట బాపూ నేనూ ఆ రొట్టెలు చాయ్‌లో తిన్నాం. రుచిలో ఏ తేడా లేదు. అమ్మ ముట్టలేదు. ఈ భయాన్ని ఆమెకు పెట్టింది కూడా మొక్కేనని, నేను పుట్టిననాడు పీరు ముందర ఆమె చేతులారా కట్టుకున్నదేనని నాకు తెలుసు. రోగం ఇచ్చిందీ మతమే, మందు ఇచ్చిందీ మతమే. మావాళ్లు మందు సీసా ఒక్కటే పగలగొట్టిపోయారు. ఇట్ల ఆలోచించి ఎవరి వాటా ఎంతో తేల్చుదామని కూర్చుంటే, చాయ్ చల్లారింది తప్ప ఏమీ తేలలేదు.

పండుగ అయిపోయి నెల దాటింది. నాకు ఏమీ కాలేదు. ఒకసారి జలుబు చేసింది, వానలో తడిసినందుకు. అమ్మ ఆ జలుబును నమ్మలేదు. మూడు రోజులు నా మొహంలోకి చూస్తూ తిరిగింది. ఇప్పుడు నేను బైకు తీస్తే బయటికి వచ్చి నిలబడుతుంది. గల్లీ మలుపు తిరిగాక అద్దంలో చూస్తే అక్కడే ఉంటుంది. మధ్యాహ్నం మార్కెట్‌లో ఉండగా ఫోన్ చేస్తుంది. ఎక్కడున్నవ్ అంటుంది. దుకాణంల అంటాను. తిన్నవా అని కూడా అడగదు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడుతుంది, నేను చీర కింద రాయాల్సిన ముక్క మరిచిపోయి ఉంటాను.